నెల్లూరు పాతపేటలలో అపార్ట్‌మెంట్లు

నెల్లూరు పాతపేటలలో అపార్ట్‌మెంట్ల నిర్మాణం అనునది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కేంద్రమైన నెల్లూరు నగరపు ప్రాచీన నివాస ప్రాంతాలలో వచ్చిన ఒక ముఖ్యమైన మార్పు. పెంకుటిళ్ళు, మిద్దెలు, మండువా లోగిళ్ళు ఉన్న స్థలాలలో లిఫ్టులు, జనరేటర్లు, కార్ల నిలుపుదల సౌకర్యం గల బహుళ అంతస్తుల భవనాలు వెలయుట దీని లక్షణం. రంగనాయకులపేట, మూలాపేట, సంతపేట, కోటమిట్ట, నవాబుపేట, స్టోన్‌హౌస్‌పేట, పెద్దబజారు, చిన్నబజారు మొదలైనవి నగరంలోని పాత ప్రాంతాలు. నగరానికి కొత్తగా చేరిన మాగుంట లేఅవుట్ వంటి చోట్ల ఖరీదైన భవనాలు ఖాళీ స్థలాలలో లేచినవి. పాతపేటలలో మాత్రం ప్రతి కొత్త భవనానికీ ముందు ఒక పాత ఇల్లు కూలవలసినదే. ఈ వ్యాసంలో ఆ ఇళ్ళ స్వరూపం, అవి కూలుటకు గల కారణాలు, వర్తించే చట్టాలు, వరదలతో గల సంబంధం వివరించబడినవి.

పాతపేటలు

నెల్లూరు పెన్నానది దక్షిణపు ఒడ్డున, బంగాళాఖాత తీరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దీనికి విక్రమసింహపురి అని పూర్వనామం. 13వ శతాబ్దంలో తెలుగు చోడ రాజైన మనుమసిద్ధి ఇక్కడినుండి పాలించెను. మహాభారతాన్ని ఆంధ్రీకరించిన కవిత్రయంలో రెండవవాడైన తిక్కన ఆయన ఆస్థానంలోని వాడు. ఊరి పేరు నెల్లి (ఉసిరిక) చెట్టు వలన వచ్చినదని ఒక కథ, వరికి తమిళంలో గల నెల్లు అను పేరు వలన వచ్చినదని మరొక అభిప్రాయం ఉన్నవి. మొదటి కథ మూలాపేటలోని మూలస్థానేశ్వరాలయంతో ముడిపడినది. రంగనాయకులపేటకు ఆ పేరు పెన్న ఒడ్డున గల తల్పగిరి రంగనాథస్వామి ఆలయం వలన వచ్చినది. ఈ ఆలయపు గాలిగోపురం చాలాకాలం ఊరికి ఆనవాలుగా నిలిచినది. ఏటి అవతలినుండి వచ్చువారికి మొదట కనబడేది ఆ గోపురమే.

కోటమిట్ట పేరులో కోట మిగిలినది, కోట మిగలలేదు. నవాబుపేట ఆర్కాటు నవాబుల పాలనా కాలాన్ని గుర్తుచేయును. 1801లో కర్ణాటక ప్రాంతం ఈస్టిండియా కంపెనీ అధీనంలోకి వచ్చిన తరువాత నెల్లూరు జిల్లా కేంద్రమైనది. స్టోన్‌హౌస్‌పేట ఆంగ్లేయుల కాలపు అధికారి పేరు మీద ఏర్పడినది. రాతి ఇల్లు అని దాని పేరును అర్థం చేసుకొనుట పొరపాటు. పురపాలక సంఘం 1866లో ఏర్పడి, 2004లో నగరపాలక సంస్థ అయినది.

ఈ పేటలు పటం గీసి కట్టినవి కావు. గుడి చుట్టూ రథం తిరిగే వీధులు, వాటినుండి చీలిన సందులు, సందులలోనుండి ఇళ్ళ పెరళ్ళకు పోయే గొందులు. రథోత్సవాలు జరిగే వీధులు వెడల్పుగా ఉండగా, తక్కినవి ఎడ్లబండి పోవుటకు చాలినంత మాత్రమే ఉన్నవి. ఈ వీధుల వెడల్పే నేటి అపార్ట్‌మెంట్ల ఎత్తును నిర్ణయిస్తున్నది. దానిని గురించి ముందు చెప్పబడును.

తిక్కన కాలపు ఇళ్ళేవీ నేడు లేవు. ఆలయాలు నిలిచినవి, వాటిచుట్టూ ఇళ్ళు ఎన్నో సార్లు మారినవి. పాత ఇళ్ళని నేడు చెప్పుకొనేవి చాలావరకు 19వ శతాబ్దపు చివరి భాగానికి, 20వ శతాబ్దపు మొదటి భాగానికి చెందినవి. కాబట్టి కూలిపోవుచున్నది వేయేండ్ల నాటి ఊరు అనుట అతిశయోక్తి. నూరేళ్ళ నాటి ఊరు అనుట సత్యం.

పాత ఇంటి స్వరూపం

వీధి వైపు అరుగు, దానిపై కొయ్య స్తంభాల మీద నిలిచిన పంచ, తరువాత నడవ, ఆపైన మండువా. మండువా అనగా ఇంటి నడుమ ఆకాశానికి తెరచియున్న చోటు. నాలుగు వైపుల కప్పు లోపలికి వాలియుండి వాననీరు అక్కడ పడి తూము ద్వారా బయటకు పోవును. మండువా చుట్టూ గదులు, దేవుని గూడు, వెనుక వంటిల్లు, పెరడు, పెరటిలో బావి, తులసి కోట, కొన్ని కొబ్బరిచెట్లు. గోడలు ఇటుకతో, గానుగలో ఆడించిన సున్నంతో కట్టినవి. నేలకు కడప బండలు పరచెడివారు. స్తోమత గలవారు దూలాలకు, ద్వారబంధాలకు బర్మా టేకు తెప్పించెడివారు.

కప్పు రెండు విధాలు. ఒకటి పెంకు. రెండవది మద్రాసు టెర్రస్ అని పేరుగల మిద్దె. కొయ్య దూలాల మీద సన్నని ఇటుకలను అంచుమీద నిలిపి, సున్నంలో ఐమూలగా పేర్చి, పైన మరికొన్ని పొరలు వేసి దిమ్మిస చేయుట దీని పద్ధతి. ఇట్టి మిద్దె క్రింద ఎండకాలంలో చల్లగా ఉండును. అయితే దూలానికి చెద పట్టినా, పైన నీరు నిలిచినా ప్రమాదమే. మరమ్మతు తెలిసిన పనివారు దొరకుట నానాటికీ కష్టమైనది. పాత ఇళ్ళు కూలుటకు ఇదీ ఒక కారణమే కాని, దీనిని గురించి మాట్లాడువారు తక్కువ.

అంకణం

నెల్లూరులో ఇంటి స్థలాన్ని కొలుచుటకు గజం కంటె అంకణం ఎక్కువ వాడుకలో ఉన్నది. ఇంటిలో రెండు దూలాల నడుమ చోటును అంకణం అందురు. ఇంటిని కొలిచే ఈ మాటే క్రమంగా నేలను కొలిచే మాటగా స్థిరపడినది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అనగా 8 చదరపు గజాలు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో అంకణం 36 చదరపు అడుగులు మాత్రమే. పేరు ఒకటే అయినా కొలత రెండింతలు తేడా గలది కనుక పొరుగు జిల్లాలవారు నెల్లూరులో స్థలం బేరమాడునప్పుడు ఈ సంగతి గమనించవలెను. ఈ లెక్కన ఒక సెంటుకు సుమారు 6.05 అంకణాలు, ఎకరానికి 605 అంకణాలు వచ్చును.

అపార్ట్‌మెంట్ల రాక

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ లోని హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ నగరాలలో 1980ల నాటికే అపార్ట్‌మెంట్లు పెరిగినవి. వాటి క్రమబద్ధీకరణకు శాసనసభ 1987లో అపార్ట్‌మెంట్ల చట్టాన్ని చేసినది. నెల్లూరు వంటి జిల్లా కేంద్రాలకు ఆ పద్ధతి కొంత ఆలస్యంగా చేరినది. 1990ల మొదట కోస్తాలో రొయ్యల సాగు వలన వచ్చిన ఆదాయం, ప్రైవేటు వైద్య, ఇంజనీరింగు కళాశాలలు, విదేశాలలో ఉద్యోగాలు చేయువారు పంపిన ధనం, 2008లో కృష్ణపట్నం రేవు పునఃప్రారంభం, ఇవన్నీ నగరంలో ఇళ్ళ గిరాకీని పెంచినవి. నగర జనాభా 2001 జనగణనలో సుమారు 3.8 లక్షలు కాగా 2011 నాటికి సుమారు 5 లక్షలకు చేరినది.

పాతపేటలలో గిరాకీకి మరొక కారణం ఉన్నది. బజారు, ఆసుపత్రి, గుడి, రైలు స్టేషను అన్నీ దగ్గర. పిల్లలు దూరదేశాలలో ఉన్న వృద్ధ దంపతులకు తాళం వేసుకొని పోగల ఇల్లు, కావలివాడు, లిఫ్టు అవసరమైనవి. పుట్టి పెరిగిన పేటను విడువకుండా ఈ సౌకర్యాలు పొందుటకు అపార్ట్‌మెంటు ఒక మార్గమైనది. కూలిన ఇంటి యజమానులే పైన కట్టిన భవనంలో ఒక అంతస్తులో కాపురం ఉండుట నెల్లూరులో సాధారణ దృశ్యం. బయటివారు వచ్చి పాతవారిని వెళ్ళగొట్టుట అను పాశ్చాత్య నగరాల కథ ఇక్కడికి పూర్తిగా అన్వయించదు. అద్దెకున్నవారి సంగతి వేరు. పెంకుటిళ్ళలో గదికి ఇంత అని అద్దె ఇచ్చి ఉండిన చిన్న వర్తకులు, దర్జీలు, అర్చకులు, ఒంటరి వృద్ధులు కొత్త భవనంలో చోటు పొందరు. వారికి యజమానితో వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండుట అరుదు. పేటలో నిజంగా స్థానం కోల్పోవువారు వీరే.

మాటల విషయంలో ఒక గమనిక. తెలుగు వాడుకలో అపార్ట్‌మెంటు అనగా మొత్తం భవనం, అందులోని ఒక్కొక్క ఇల్లు ఫ్లాటు. 1987 చట్టంలో అపార్ట్‌మెంటు అనగా ఒక్కొక్క ఇల్లే. ఇక ప్లాటు అనగా ఖాళీ స్థలం. ఫకారానికి పకారం పలికినచో అర్థం మారిపోవును. విలాసవంతం, లగ్జరీ అను మాటలకు చట్టంలో నిర్వచనమే లేదు. వస్తు సేవల పన్ను మాత్రం 2019 ఏప్రిల్ 1 నుండి నిర్మాణంలో ఉన్న ఇళ్ళను రెండుగా విభజించినది. 45 లక్షల రూపాయలకు లోపు ఉండి, నెల్లూరు వంటి నగరాలలో 90 చదరపు మీటర్ల కార్పెట్ వైశాల్యం మించని ఇంటికి 1 శాతం, తక్కిన వాటికి 5 శాతం పన్ను. పాతపేటలలో ప్రకటనలకు ఎక్కే మూడు పడకగదుల ఫ్లాట్లు సాధారణంగా రెండవ తరగతిలోకే వచ్చును.

వాటాల సమస్య

పాత ఇళ్ళు కూలుటకు డబ్బు మీది ఆశయే కారణమని తరచుగా చెప్పబడును. అది సగం మాటే. రెండవ సగం వారసత్వ చట్టంలో ఉన్నది.

హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్ర ప్రదేశ్ 1985లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినది. 2005లో కేంద్రం దేశమంతటికీ ఆ హక్కును విస్తరించినది. ఇది న్యాయమైన మార్పు అనుటలో సందేహం లేదు. దాని ఫలితంగా తాత కట్టిన ఒక ఇంటికి మనుమలు, మనుమరాండ్రు కలసి ఎనిమిదిమంది, పదిమంది హక్కుదారులు అగుట సామాన్యమైనది. మండువా ఇంటిని పదిభాగాలు చేయుట సాధ్యం కాదు. గోడ పెట్టినచో మండువా పోవును, మండువా పోయినచో గదులకు వెలుతురు, గాలి పోవును. ఒకరు తక్కినవారి వాటాలు కొనగలిగితే ఇల్లు నిలుచును. కాని నడిబజారులోని స్థలపు విలువను ఒక్కరు చెల్లించుట చాలామందికి శక్తికి మించిన పని.

కోర్టుకు వెళ్ళినచో 1893 నాటి విభజన చట్టం వర్తించును. సౌకర్యంగా పంచుటకు వీలుకాని ఆస్తిని, సగమో అంతకు మించియో వాటా గలవారు కోరినచో, న్యాయస్థానం అమ్మించి సొమ్మును పంచవచ్చును. బయటివాడు ఒక వాటా కొని విభజన కోరినచో ఆ వాటాను కుటుంబసభ్యుడే కొనుక్కొనుటకు అదే చట్టంలోని 4వ సెక్షను అవకాశం ఇచ్చుచున్నది. ఇల్లు బయటి వారి పాలు కాకుండా చూచుటయే దాని ఉద్దేశం. ఇల్లు నిలుచునట్లు చూచుట దాని ఉద్దేశం కాదు.

ఇట్టి స్థితిలో ఫ్లాట్లు ఒక విభజన సాధనంగా పనికివచ్చినవి. ఇంటిని పంచుట కష్టం, ఫ్లాట్లను పంచుట సులభం. ఉదాహరణకు ఒక కుటుంబానికి 90 అంకణాల స్థలం ఉన్నదనుకొందాము. అనగా 720 చదరపు గజాలు, లేక సుమారు 602 చదరపు మీటర్లు. నాలుగు వైపుల ఖాళీ వదలిన తరువాత అంతస్తుకు 3,600 చదరపు అడుగుల చొప్పున, క్రింద స్టిల్టు వదలి ఐదు అంతస్తులు కట్టినచో 18,000 చదరపు అడుగులు వచ్చును. అంతస్తుకు రెండు చొప్పున 1,800 అడుగుల ఫ్లాట్లు పది. నిర్మాత ఖర్చంతా తాను పెట్టుకొని సగం తీసుకొనుటకు ఒప్పుకొన్నచో కుటుంబానికి ఐదు ఫ్లాట్లు మిగులును. ఐదుగురు వారసులకు ఐదు. తగవు లేదు. దీనినే డెవలప్‌మెంటు ఒప్పందం అందురు. స్థలానికి గిరాకీ ఎంత ఎక్కువ ఉన్న చోట యజమాని వాటా అంత పెరుగును.

ఈ ఒప్పందంపై ఆదాయపు పన్ను విషయంలో పూర్వం ఒక చిక్కు ఉండెడిది. ఒప్పందం వ్రాసిన సంవత్సరమే మూలధన లాభం వచ్చినట్లు లెక్కగట్టుట వలన, చేతికి ఫ్లాటు రాకముందే పన్ను కట్టవలసి వచ్చుచుండెను. 2017లో చేసిన సవరణ ప్రకారం వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన సంవత్సరంలోనే పన్ను వర్తించును. ఇది ఇట్టి ఒప్పందాలను మరింత సులభతరం చేసినది.

పై ఉదాహరణలో పది ఫ్లాట్లకు ఒక్కొక్కదానికి 9 అంకణాల భూమి వచ్చును. దీనిని అవిభక్త వాటా అందురు. దీనికి హద్దులు ఉండవు, అందరికీ కలిపి ఉండును. భవనం పాతబడిన కొలదీ కట్టడపు విలువ తగ్గి ఈ భూమి వాటా విలువే ప్రధానమగును. కొనువారు దస్తావేజులో గోడల రంగుల కంటె ఈ అంకెను ముందుగా చూడవలసి ఉన్నది. ఇక యాభై ఏళ్ళ తరువాత ఆ భవనాన్ని మరల కట్టవలసి వచ్చినప్పుడు పది కుటుంబాలు, వారి వారసులు ఒక మాట మీదికి రావలెను. పాత ఇంటికి వచ్చిన వాటాల చిక్కే మరింత పెద్దదై మరల ఎదురగును.

నిర్మాణ నియమాలు

పెక్కు రాష్ట్రాలలో స్థల వైశాల్యానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టవలెనని పరిమితి ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్ లో 2006 నియమావళి నుండి భవనాలకు ఆ పద్ధతి తొలగించబడినది. స్థల పరిమాణం, ఎదుటి రోడ్డు వెడల్పు, నాలుగు వైపుల వదలవలసిన ఖాళీ, ఈ మూడింటిని బట్టి ఎత్తు నిర్ణయమగును. 2012లోను, విభజన తరువాత 2017లోను వచ్చిన నియమావళులు ఇదే దారిలో నడిచినవి. ఆ తరువాత కూడా పలు సవరణలు జరిగినవి. 2017 నియమావళి 18 మీటర్లు, ఆపైన ఉన్న వాటిని ఎత్తైన భవనాలుగా పరిగణించి, వాటికి కనీసం 12 మీటర్ల రోడ్డును అగ్నిమాపక శాఖ అనుమతిని కోరినది. పాతపేటలలో అంత రోడ్డు అరుదు. అందువలననే అక్కడి భవనాలు ఆకాశహర్మ్యాలు కాక, స్టిల్టు మీద నాలుగైదు అంతస్తులతో ఆగిపోవును.

రోడ్డు చాలనిచోట యజమాని తన స్థలంలో కొంత విస్తరణకు విడిచిపెట్టవలెను. ఒక్కొక్క భవనం వచ్చినప్పుడల్లా ఆ ఇంటి ముందు మాత్రమే వీధి వెడల్పగును. ప్రక్క ఇల్లు పాత గీత మీదనే ఉండును. వీధి అంచు పళ్ళు ఊడిన దువ్వెన వలె కనిపించుటకు కారణం ఇది.

ఇందులో విద్యార్థులు గమనింపదగిన ఒక విశేషం ఉన్నది. నేటి నియమాలు ఇంటి ముందు కొంత ఖాళీని తప్పనిసరి చేయుచున్నవి. పాత ఇంటి అరుగు వీధి అంచునే ఉండును, ప్రక్కగోడ పొరుగువారితో ఉమ్మడిగా ఉండును. కాబట్టి ఒక యజమాని పాత ఇల్లు శిథిలమైనదని, దానిని అదే రూపంలో తిరిగి కట్టుకొందునని దరఖాస్తు చేసినను నేటి నియమాల ప్రకారం అది కుదరదు. మండువా ఇంటిని కూల్చుట సులభం, మండువా ఇంటిని కట్టుట నియమవిరుద్ధం. వెలుతురు, గాలి, అగ్నిమాపక యంత్రాల రాకపోకలకై చేసిన మంచి నియమమే ఈ ఫలితాన్నిచ్చినది.

అనుమతి ఇచ్చునప్పుడు నిర్మించబోయే వైశాల్యంలో 10 శాతాన్ని అఫిడవిట్టు ద్వారా స్థానిక సంస్థకు తనఖాగా ఉంచుకొనుట పద్ధతి. నియమాల ప్రకారం కట్టి, నివాసయోగ్యతా పత్రం పొందిన తరువాత అది విడుదలగును. అయినను అతిక్రమణలు జరుగుచున్నవనుటకు సాక్ష్యం ప్రభుత్వ ఉత్తర్వులలోనే ఉన్నది. జరిమానా తీసుకొని అక్రమ అంతస్తులను క్రమబద్ధం చేయు పథకాలు 2007లో, 2015లో, 2019లో వచ్చినవి. ఒకసారి అన్న పథకం పదేపదే వచ్చినచో నియమం పాటించినవాడే నష్టపోయినవాడగును.

కొనుగోలుదారుల రక్షణకై 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టం ముఖ్యమైనది. వ్యవహారంలో దీనిని రెరా అందురు. ఆంధ్ర ప్రదేశ్ దీనికి 2017లో నియమాలు చేసినది. నిర్మాత కొనుగోలుదారులనుండి వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ నిర్మాణానికే వాడవలెను. గోడల లోపలి నికరమైన కార్పెట్ వైశాల్యాన్ని చెప్పియే అమ్మవలెను. అప్పగించిన ఐదేండ్లలో కట్టడపు లోపం బయటపడినచో ఉచితంగా సరిచేయవలెను. అయితే 500 చదరపు మీటర్లు మించని స్థలంలో గాని, ఎనిమిది ఫ్లాట్లు మించని భవనానికి గాని నమోదు అవసరం లేదు. నెల్లూరు కొలతలో 500 చదరపు మీటర్లు అనగా సుమారు 75 అంకణాలు. పాతపేటలలో ఒక్కొక్క ఇంటి స్థలం అంతకు తక్కువగా ఉండుట మామూలు. అంతస్తుకు ఒక ఫ్లాటు చొప్పున ఐదు ఫ్లాట్లు కట్టి చాలా ఖరీదుకు అమ్మిననూ ఆ భవనం నమోదు పరిధిలోకి రాకపోవచ్చును. ఇట్టివాటికి 1987 చట్టమే దిక్కు.

వరదలు, తుఫానులు

పెన్నకు, పేటలకు నడుమ గల వరదగట్టును నెల్లూరులో పొర్లుకట్ట అందురు. కట్ట పేరే ఒక నివాస ప్రాంతానికి పేరైనది. 2015 నవంబరులో భారీ వర్షాలకు జిల్లా అతలాకుతలమైనది. 2020 నవంబరులో నివర్ తుఫాను వచ్చినది. 2021 నవంబరు మూడవ వారంలో సోమశిల జలాశయం నుండి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడుదల కాగా పెన్న ఉప్పొంగి నగరంలో పొర్లుకట్ట, భగత్‌సింగ్ కాలనీ మొదలైన ఏటి ఒడ్డు ప్రాంతాలు మునిగినవి. కోవూరు వద్ద జాతీయ రహదారి, పడుగుపాడు వద్ద రైలుమార్గం తెగిపోయి మద్రాసు, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచినవి.

కొత్త భవనాలకు ఈ విషయంలో ఒక మేలు, ఒక కీడు ఉన్నవి. స్టిల్టు మీద కట్టినవాటిలో నీరు వాహనాల చోటునే నిండి కాపురాలు పైన క్షేమంగా ఉండును. అయితే నీటి మోటారు, జనరేటరు, విద్యుత్తు మీటర్లు క్రిందనే ఉండుట వలన వరద తగ్గిన తరువాత కూడా కొన్ని దినాలు నీరు, కరెంటు లేక పై అంతస్తులవారు ఇబ్బంది పడుదురు. ఇక పెరళ్ళు పోయి స్థలమంతా సిమెంటు పరచుట వలన వాననీరు ఇంకక ప్రక్కనున్న పాత ఇళ్ళలోకి పారును. కొత్త భవనం నేలమట్టం ఎత్తు పెంచినకొలదీ పొరుగు పెంకుటిల్లు గుంటలో పడును. వాల్టా అని పిలువబడే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఇంకుడుగుంతలను తప్పనిసరి చేసినది. పాత పెరటి బావిని పూడ్చకుండా దానినే ఇంకుడుబావిగా మార్చుట చౌకైన పద్ధతి. పిల్లరు అడ్డువచ్చునని దానిని పూడ్చివేయుటయే ఎక్కువగా జరుగుచున్నది.

భారతీయ ప్రమాణాల ప్రకారం నెల్లూరులో కట్టడాలను సెకనుకు 50 మీటర్ల మూల గాలివేగానికి తట్టుకొనునట్లు రూపొందించవలెను. భూకంపాల విషయంలో 2002 నాటి పటం నెల్లూరును మూడవ మండలంలో చేర్చినది. క్రింది అంతస్తులో గోడలు లేక కేవలం స్తంభాల మీద నిలిచే స్టిల్టు భవనాలు భూకంపంలో బలహీనమని 2001 గుజరాత్ భూకంపంలో అహమ్మదాబాదులో కూలిన అపార్ట్‌మెంట్ల వలన తెలిసినది. వరదకు మేలైన రూపమే భూకంపానికి అదనపు జాగ్రత్త కోరునన్నమాట.

వారసత్వ పరిరక్షణ

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను, ఆపైన 200 మీటర్ల వరకు అనుమతి లేని నిర్మాణాలను 2010 సవరణ నిషేధించినది. ఆలయం దేవాదాయ శాఖ నిర్వహణలో ఉన్నంత మాత్రాన ఈ నిషేధం వర్తించదు. ప్రైవేటు ఇళ్ళకైతే ఏ రక్షణా లేదు. రాష్ట్రపు 1960 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ఒక్కొక్క కట్టడాన్ని ప్రకటించి కాపాడుటకు ఉద్దేశించినది. వీధిని వీధిగా కాపాడు ఏర్పాటు అందులో బలంగా లేదు.

ఈ విషయంలో మన దేశంలో మొదట నియమాలు చేసినది బొంబాయి, 1995లో. అదే సంవత్సరం హైదరాబాదు కూడా పట్టణాభివృద్ధి నియమాలలో 13వ నియమం ద్వారా కట్టడాల జాబితా తయారుచేసినది. 2015లో ఆ నియమాన్ని తొలగించగా, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినది. 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి శాసనసభ కట్టవలెనన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసినది. అహమ్మదాబాదు పాతనగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినది. అక్కడి పోళ్ళలోని, అనగా ఇరుకు సందుల నివాస సముదాయాలలోని చెక్కడపు కొయ్య ఇళ్ళు, వాటాల చిక్కులలో నెల్లూరు ఇళ్ళకు తీసిపోవు. ఇల్లు కాపాడిన యజమానికి బదిలీ చేయదగిన నిర్మాణ హక్కుపత్రం ఇచ్చి, అతడు దానిని వేరొకచోట కట్టువారికి అమ్ముకొను ఏర్పాటు అక్కడ ఉన్నది.

ఆంధ్ర ప్రదేశ్ నియమావళిలో కూడా ఇట్టి హక్కుపత్రాలు (వాడుకలో టీడీఆర్) ఉన్నవి. రోడ్డు విస్తరణకు స్థలమిచ్చినవారికే ఇవి ఎక్కువగా ఇవ్వబడుచున్నవి కాని, వారసత్వ కట్టడాన్ని నిలిపి వాడుకలో ఉంచిన యజమానికి కూడా ఇవ్వవచ్చునని నియమాలలోనే ఉన్నది. అందుకు ముందుగా ఆ ఇల్లు అధికారిక జాబితాలో చేరవలెను. జాబితాలో చేరినచో ఇల్లు అమ్ముడుపోదేమోనన్న భయం యజమానులకు ఉన్నది. ఎనిమిదిమంది వాటాదారులలో ఒక్కరు అభ్యంతరం చెప్పినా దరఖాస్తు ముందుకు సాగదు. నగర పరిసరాల ప్రణాళిక బాధ్యత 2017లో ఏర్పడిన నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థకు చెందినది.

కూల్చిన ఇళ్ళ నుండి ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు, పెంకులు పాత సామాను వ్యాపారులకు చేరును. బర్మా టేకుకు మంచి ధర పలుకును. తమిళనాడులోని కారైక్కుడిలో చెట్టినాడు ఇళ్ళ సామానుకు ఇట్టి పెద్ద బజారే ఉన్నది. సున్నపు ఇటుకను మాత్రం ఎవరూ కొనరు. అది గుంటలు పూడ్చుటకు పోవును. నిర్మాతలు కొందరు పాత సింహద్వారాన్ని భద్రపరచి కొత్త భవనపు ప్రవేశమందిరంలో అమర్చుచున్నారు. భవనానికి ఆ కుటుంబపు పెద్దల పేరు పెట్టుట కూడా ఆచారమైనది. తాతగారు మండువాలో కూర్చున్న చోట లిఫ్టు ఉండగా, ఆయన పేరు గేటు మీద ఉండును.